పిండి మాత్ర

“మా ఆయన మాత్ర మింగకుండా ఒక్కరోజు కూడా పడవెక్కలేదు డాక్టరమ్మా. కావాలంటే ఊళ్లో ఎవర్నయినా అడుగు,” గంగులయ్య భార్య గురవమ్మ మూతి ముడుచుకుంది.

“అనుమానం కాదక్కా. లెక్క కుదరక అడుగుతున్నా,” అంది వాణి.

వాణి నెల్లూరులో గుండె డాక్టరు. రక్త కాన్సర్‌కు వాడే ఒక మందును కొద్ది మోతాదులో ఇస్తే నీరసించిన గుండె కోలుకుంటుందేమోనని ఏడాదిగా పరిశోధన చేస్తోంది. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్ర. ఎవరి డబ్బాలో ఏముందో ఆఖరిదాకా ఆమెకూ తెలియదు. నిన్ననే ఆ గుట్టు విప్పారు. మందు వేసుకున్నవాళ్ల గుండెలు పుంజుకున్నాయి. పిండి మింగినవాళ్లవి ఎక్కడివక్కడే ఉన్నాయి. వాణి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఇద్దరు మాత్రం మెలిక పెట్టారు. ఇద్దరిదీ ముత్తుకూరు అవతల ఈ ఊరే, వేటకు పోయేది ఒకే పడవ మీద. మందు పడిన గంగులయ్యకు సగమే నయమైంది. పిండి పడిన ఓబులేసుకూ సగం నయమైంది. రేపు పెద్ద డాక్టర్ల సభలో ఎవరైనా ఇదెలాగని నిలదీస్తే వాణి నోరు వెళ్లబెట్టాల్సిందే. ఏడాది కష్టాన్ని ఎవరూ నమ్మరు. అందుకే పొద్దున్నే బయల్దేరి, బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ వచ్చింది.

గురవమ్మ ఆమెను ఒడ్డుకు తీసుకెళ్లింది. గంగులయ్య, ఓబులేసు పొద్దుటి చేపల్ని గంపల్లోకి ఎత్తుకుంటున్నారు. నిరుడు నాలుగడుగులు వేస్తే ఆయాసపడిన ఓబులేసు ఇప్పుడు నిండు గంపను అవలీలగా పక్కకు జరిపాడు. చూసి వాణికి కడుపు నిండిపోయింది.

“ఇప్పుడు చెప్పొచ్చు గనక చెప్తున్నా. గంగులయ్యన్నా, నీకు పడింది అసలు మందు. ఓబులేసన్నా, నీకు పడింది ఉత్త పిండి.”

గురవమ్మ ముఖం చేటంతయింది. “మా ఆయనకే పడుంటదని నేననుకుంటానే ఉండా.”

ఓబులేసు నొచ్చుకుంటాడేమోనని వాణి అతనివైపు చూసింది. అతను తాపీగా చేతులు తుడుచుకుంటున్నాడు.

“అట్టనా,” అన్నాడు.

“దిగులుపడకన్నా. పిండి మింగి కూడా కోలుకున్నావంటే అదంతా నీ మనోధైర్యమే. రేపు సభలో నీ సంగతి గొప్పగా చెప్తా,” అంది వాణి. ఆ మాట చెబుతుంటే ఆమెకే ఒళ్లు పులకరించింది. దారి పొడుగునా ఆలోచించినా దొరకని జవాబు ఈ మనిషిని చూడగానే దొరికింది.

“మా వోడికి ధైర్యం జాస్తేలే,” అన్నాడు గంగులయ్య నవ్వుతూ. “ఒకరికి మందు, ఒకరికి పిండి పడొచ్చని మీరు తొలిరోజే చెప్పినారు గదమ్మా?”

“చెప్పాను. ఏదీ దాచకుండా చెప్పి, మీరు సరేనన్నాకే మొదలుపెట్టాం. మా పద్ధతి అది,” వాణి తలెత్తి చెప్పింది.

“మాకూ ఒక పద్ధతుందమ్మా. ఒకే పడవెక్కినోళ్లం. ఒకడు బతికి ఒకడు పోతే, ఆ బతికినోడు ఏ మొహం పెట్టుకోని ఒడ్డుకొస్తాడు?”

“ఎవరూ పోలేదు కదన్నా. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు.”

“ఎందుకుండం?” అన్నాడు ఓబులేసు, గర్వంగా గంగులయ్య భుజమ్మీద చెయ్యేసి. “ఆ పొద్దే రెండు డబ్బాలూ కలబోసుకోని, చెరిసగం పంచుకున్నాం.”