ఒక్క సీసా చుక్కల మందు

సీసా ఒకటే మిగిలింది. కళ్లకలక వచ్చిన పిల్లలు ఇద్దరు.

"ఎవరికి పోస్తవో చెప్పు మైసమ్మా," అన్నాడు కాంపౌండర్ ఇస్రాయేలు. "వాగు తగ్గి లారీ వచ్చేదాక ఇంకోటి దొరకదు."

నందికొండ ఆనకట్టకు రాయి పంపే క్వారీ అది. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన కూలీలు ఆ దుమ్ములోనే గుడిసెలు వేసుకున్నారు. ఆ వానాకాలం కళ్లకలక ఒక గుడిసెలో దూరి, చుట్టపుచూపుగా అన్ని గుడిసెలూ తిరిగింది. దవాఖాన గుడారంలో మందు అడుగంటింది.

మైసమ్మకు చెరో పక్కన యాదమ్మ, సైదులు నిలబడ్డారు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఐదారేళ్లుంటాయి. ఇద్దరి రెప్పలూ పుసులు కట్టి అతుక్కుపోయాయి. ఇద్దరూ ఆమె కొంగే పట్టుకున్నారు.

"చెరి సగం పోస్త," అంది మైసమ్మ.

"సగం మందుతోటి రోగం పోదు, మొండికేస్తది. ఒకరి పుసి తగిలిన గొట్టం ఇంకొకరి కంటికి తగిలితే అదో తిప్పల. ఒక్కరికన్న నిండుగ వాడు."

మైసమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత యాదమ్మ తల మీద చేయి వేసింది.

"ఈ పిల్లకియ్యి."

ఇస్రాయేలు ఆశ్చర్యపోయాడు. మగపిల్లాడు పక్కనుండగా ఆడపిల్లకు మందడిగిన మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు. అయినా ఏమీ అనకుండా మందు వేసే తీరు చెప్పాడు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కింది రెప్పను కాస్త లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయాలి. గొట్టం మొన కంటికి తగలకూడదు. కన్ను మూయించి, ముక్కు పక్కన మూలను వేలితో ఒత్తి పట్టుకోవాలి. కళ్లు తేటపడ్డాయని మధ్యలో మానకూడదు, తను ఆపమన్నప్పుడే ఆపాలి. సైదులుకు మాత్రం, కాచి చల్లార్చిన నీళ్లతో తుడవమని కాస్త దూది ఇచ్చాడు.

మైసమ్మ గుడిసె చేరేలోపే కబురు చేరింది. పక్క గుడిసె ఆండాలు చిట్యాల మనిషి. వయసు మీద పడ్డా నోటికి మాత్రం పడలేదు.

"ఇద్దరిల ఒకరు దాని చచ్చిపోయిన చెల్లె సంతానమట గదా. ఇగ చూడుండ్రి! చెల్లె కొడుకని పిల్లగాన్ని ఇడిసిపెట్టింది. కన్నబిడ్డ గాకుంటే ఆడపిల్లకు ఎవతన్న పోస్తదా?"

మైసమ్మ ఊరివాళ్లు క్వారీలో ఇంకెవరూ లేరు. ఆండాలు చెప్పిన లెక్క అందరికీ సరిపోయింది. మైసమ్మకు వినపడేలాగే అన్నారు. ఆమె ఒళ్లో యాదమ్మ కూర్చుని ఉంది. మైసమ్మ పిల్ల తల దువ్వుతూ ఉండిపోయింది.

సీసా మూత తీసిన చప్పుడు సైదులుకు గుర్తే.

"అమ్మా, నాకు?"

"నీకు లారీల వస్తది బిడ్డా."

"లారీ యాడుంది?"

"వస్తాంది."

వాడికి నమ్మకం. యాదమ్మ పక్కనే వెల్లకిలా పడుకుని, తన కింది రెప్పను తనే వేలితో లాగి పట్టుకునేవాడు. మైసమ్మ మొహం తిప్పుకుని మూత బిగించేది. అది చూసి ఆండాలు గుండెలు బాదుకుంది.

యాదమ్మ కళ్లు తేటపడ్డాయి. సీసాలో ఇంకా మందుంది. సైదులు కళ్లు మాత్రం చింతనిప్పులయ్యాయి. మైసమ్మ మొగుడు లింగస్వామి ఇక ఉండబట్టలేకపోయాడు.

"పిల్లకు తక్కువైంది గదనే. మిగిలింది పిల్లగానికెయ్యి. నీ కాళ్లు మొక్కుత."

"ఆపొద్దన్నడు."

"ఆపితే ఏమైతది?"

"మల్ల తిరగబెడితే నేనేం జెప్పాలె?"

లింగస్వామి చేయెత్తాడు. ఎత్తిన చేతిని మెల్లగా దించుకున్నాడు. బయటికి నడిచి, నేరుగా వాగు దగ్గరికి పోయాడు. దేవరకొండకు పోయి మందు తెస్తానని నీళ్లలోకి దిగబోతే, నలుగురు పట్టి వెనక్కి లాగారు. పొద్దుగూకేదాకా ఒడ్డునే కూర్చుని ఏడ్చాడు.

"పరాయి పిల్లగాని కోసం పానమిడుస్తుండు," అన్నారు గుడిసెలవాళ్లు. "గా మొగోనికున్న జాలి గీ ఆడిదానికి లేకపాయె."

మైసమ్మ ఆఖరి చుక్క కూడా యాదమ్మ కంట్లోనే వేసింది. ఖాళీ సీసాను సైదులు చేతికి అందకుండా చూరులో దోపింది.

వాగు తగ్గింది. లారీ వచ్చింది. కొత్త సీసా పట్టుకుని ఇస్రాయేలే పరుగున వచ్చాడు. సైదులు రెప్పలు విప్పి చూశాడు. రెండు నల్లగుడ్ల మీదా తెల్లగా పువ్వు వేసింది, చూపు పోయింది. వాడు ఆశగా తన రెప్పను లాగి పట్టుకున్నాడు. ఇస్రాయేలు వాడి తృప్తి కోసం కంటికో చుక్క వేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం యాదమ్మ బిందె పట్టుకుని నీళ్లకు పోయింది. సైదులు ఏడ్చి ఏడ్చి మైసమ్మ ఒళ్లో నిద్రపోయాడు. ఆండాలు ఇక ఆగలేక గుడిసెలోకి వచ్చింది.

"ఇప్పుడు సల్లబడ్డదానే నీ కడుపు? చచ్చిపోయిన చెల్లె పైనుంచి అన్నీ చూస్తాంది. రేపు ఏం మొఖం పెట్టుకొని దాని ముంగట నిలబడతవే?"

మైసమ్మ తలెత్తి, యాదమ్మ దూరంగా ఉందని చూసుకుంది.

"నిలబడత అవ్వా," అంది, "దాని పిల్ల కండ్లు కాపాడిన, పోయినయి నా కొడుకు కండ్లే."