నాలుగు శనివారాల ఇనప పొడి

“నా కారు బానెట్ ఎత్తకుండానే నన్ను మోసగాణ్ణి చేశారు! మోసం నాది కాదు, మీది! మీ ముగ్గురిదీ!”

గిడియన్ అరుపుకి రేకుల షెడ్డు అదిరింది. బల్ల వెనక కూర్చున్న కమిటీ ముగ్గురూ కదల్లేదు. తీర్పు ఎటూ రాసేసుకున్నారు. ఇక టీ చల్లారకుండా తాగడమే మిగిలింది. తాగుతున్నారు.

అది 1990. సిడ్నీకి పడమర వైపు ఒక కొండ దారి. ఏడాదికి ఆరు పందేలు. కార్లు ఒక్కొక్కటే కొండెక్కాలి. తక్కువ టైములో ఎక్కినవాడిది గెలుపు. గిడియన్ పోటీ చేసే స్టాండర్డ్ క్లాసులో రూలు ఒకటే: ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. దేన్నీ గోకకూడదు, గీకకూడదు.

పాయింట్లలో గిడియన్ ముందున్నాడు. ఇవాళ ఆఖరి పందెంలో రెండో స్థానం వస్తే చాలు. వచ్చింది. షెడ్డు గోడ మీద ఛాంపియన్ల పేర్లు చెక్కిన పలక ఉంది. ముప్పై ఏళ్ల పేర్లు. తెల్లవాడిది కాని పేరు ఒక్కటీ లేదు. ఇవాళ గిడియన్ పేరు చెక్కాలి.

సరిగ్గా అప్పుడు కమిటీ చేతికి ఒక కాగితం వచ్చింది. “గిడియన్ తన గరాజ్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని అరగదీస్తుండగా కళ్లారా చూశాను.” కింద సంతకం: విలియం.

నేరం రుజువైతే పాయింట్లన్నీ రద్దు. క్లబ్బులోంచి గెంటివేత.

ఆ సంతకాన్ని గిడియన్ రెండుసార్లు చదివాడు. విలియం! కాకినాడలో ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చుని పెరిగారు. ఇక్కడ సిడ్నీ శివారు టూంగాబీలో ఇద్దరి ఇళ్లూ ఒకే వీధి. విలియం అతన్ని ‘బావా’ అనే తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగడు.

ప్రెసిడెంట్ నెవిల్ కళ్లజోడు సర్దుకున్నాడు. “సూటిగా చెప్పు, మేట్. గ్రైండర్ పట్టావా లేదా?”

“పట్టాను.”

“మానిఫోల్డ్ అరగదీశావా?”

“అరగదీశాను.”

“ఇంకేం కావాలి?”

“నా కారు విప్పి చూడండి!”

“ఇవాళ్టికి మామూలుది బిగించుకొచ్చి ఉంటావులే. అందుకేగా విలియం నిన్ను దాటేశాడు!”

మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు.

దాటేసిన మాట నిజమే. ఏడాదంతా గిడియన్ వెనకే వచ్చిన విలియం ఇవాళ మొదటివాడు. గిడియన్ పేరు కొట్టేస్తే పలక మీదికెక్కేది అతని పేరే.

గిడియన్ అబద్ధమాడలేదు. నాలుగు శనివారాలు గరాజ్‌లో ఆ పని చేసింది అతనే. ఇంజన్ వదిలే పొగను బయటికి మోసుకుపోయే ఆ పోత ఇనప గొట్టాల ముక్కని బల్లకున్న వైస్ పట్టులో బిగించాడు. లోపలంతా గరుకు; అది నున్నబడితే పొగ సులువుగా పోయి కారు జోరందుకుంటుంది. గొట్టాల మూతుల మీద, అతుకులో పెట్టే గాస్కెట్ రేకు ఆనించి సూదితో గీత గీశాడు. చేతి గ్రైండర్‌తో గీతదాకా తొలిచాడు. వేలు దూర్చి తడిమాడు. మళ్లీ తొలిచాడు. చెయ్యి కాస్త బరువుగా పడితే గోడకి చిల్లు. చిల్లు పడితే చెత్తబుట్టలోకే. పని ఆపాక కూడా అరచేతులు గంటసేపు వణికేవి. తుమ్మితే ఇనప పొడి వచ్చేది.

విలియం ప్రతి శనివారం వచ్చి స్టూలు వేసుకుని కూర్చునేవాడు. చేతిలో గారెల ప్లేటు.

“అక్కడ పలచనవుతోంది బావా, చూసుకో!”

“నోరు గారెలకి పనికిరానీ. ఇటు నేను చూసుకుంటాను.”

గిడియన్ భార్య ప్రిస్సిల్లా చెవులు మూసుకుని గుమ్మంలోకి వచ్చేది. “మీరైనా చెప్పండి అన్నయ్యా! రేపు చర్చికి ఈ నల్లగోళ్లతోనే వస్తారంట.”

“సగంలో ఆపితే ఎలాగమ్మా? ఈ ఒక్క వారం ఓర్చుకో.”

ఆఖరి శనివారం గిడియన్ ఆ ముక్కని గుడ్డతో తుడిచి వెలుతురులోకి ఎత్తాడు. కన్నాల లోపల తళతళ. అతని మొహం వెలిగిపోయింది.

“ఇది రోడ్డు మీదికే. కొండ మీదికి తెచ్చేది లేదు.”

“లేదంటే లేదు బావా,” అన్నాడు విలియం. “ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ.”

మనిద్దరి మధ్యే! ఇప్పుడది కాగితమెక్కి నెవిల్ టీకప్పు కింద ఉంది.

విలియం షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

“ఏరా, మొహం ఇటు తిప్పు,” అన్నాడు గిడియన్ తెలుగులో. “నీ అంతట నువ్వే చెప్పు.”

“చూసిందే రాశాను బావా. అందులో ఒక్క ముక్క అబద్ధముంటే చూపించు.”

“ఇంగ్లీష్! ఇంగ్లీష్!” బల్ల చరిచాడు నెవిల్.

మనవాణ్ణి తెల్లవాళ్ల ముందు తక్కువ చెయ్యకూడదు. ఈ దేశంలో అడుగుపెట్టిన రోజున పెద్దలు చెవిలో నూరిపోసే కట్టుబాటు అది. ఇంట్లో కొట్టుకు చావండి, బయట మాత్రం పెదవి విప్పొద్దు. గంట నుంచీ గిడియన్ గొంతు పట్టుకున్నది ఆ కట్టుబాటే. అది ఎంత గట్టిగా పట్టుకుంటుందో విలియంకి తెలుసు. తెలిసే సంతకం పెట్టాడు.

నెవిల్ పెన్ను మూత తీశాడు. జాబితాలో గిడియన్ పేరు వెతికాడు. దొరికింది. కొట్టేయడానికి పెన్ను ఆనించాడు.

గిడియన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి అరవలేదు. ఇంగ్లీషులోనే, ముగ్గురికీ అర్థమయ్యేలా ఒక్కో మాటా వత్తి పలికాడు.

“లేచి బయటికి నడవండి, ఇంజన్ ఇంకా చల్లారకముందే విలియం కారు బానెట్ ఎత్తి మానిఫోల్డ్ విప్పించండి: నాలుగు శనివారాలు నేను అరగదీసింది వాడిదే!”