సారు రాసిన రాకుమారుడు

“సంతకమా? ముందు సభ కానియ్యమ్మా. నీ సంతకం ఏడికి పోతది?” అన్నాడు ప్రొఫెసర్ విద్యాసాగర్, పట్టు కండువా మడత నలగకుండా భుజం మీద సర్దుకుంటూ.

నవత ఫైలు పట్టుకుని అలాగే నిలబడింది. ఆరేళ్ల పీహెచ్‌డీ. గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటికి. గైడు సంతకం పెట్టిన సర్టిఫికెట్ లేకపోతే యూనివర్సిటీ కౌంటర్‌లో థీసిస్ తీసుకోరు. తీసుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్లూ గంగలో కలిసినట్టే. అప్పటికే మూడయింది.

సారు పుస్తకావిష్కరణకు అబిడ్స్‌లో ఆ హాలు మాట్లాడింది నవతే. బ్యానర్ కట్టించిందీ నవతే. దాని మీద ‘పోలండ్ రాకుమారుడు యారోబోర్: జీవితం, యుద్ధాలు’ అని రంగుల అక్షరాలు. పక్కన సారు ఫొటో. అక్షరాల కంటే ఫొటోనే పెద్దది.

నిజానికి ఆ పుస్తకంలో సారు రాసింది తన పేరొక్కటే. మిగతా మూడు వందల పేజీలూ నవతే రాసింది. ఆ డిపార్ట్‌మెంట్‌లో అదో ఆనవాయితీ. గైడుకు ఓ పుస్తకం రాసిచ్చాకే స్కాలర్ థీసిస్ మీద సంతకం పడుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది!

గన్‌ఫౌండ్రీలో ఒకప్పుడు ఫిరంగులు పోసిన కార్ఖానా మీద ఆమె తన థీసిస్ రాసుకుంది. సారు దాని అట్ట కూడా తిప్పలేదు. “గన్‌ఫౌండ్రీ ముచ్చట ఎవనికి కావాలె? రోజూ సిటీ బస్సు పోయే జాగ. నాకు మాత్రం యూరప్‌ది రాసియ్యి. ఎవ్వడూ ముట్టనిది. విన్నోడు నోరు తెరవాలె!” అని ఆర్డరేశాడు. ఆమె ఇచ్చిన కాగితాలను ఇచ్చినట్టే ప్రెస్సుకు పంపాడు. చదవడం లాంటి చిల్లర పనులు ఆయన ప్రొఫెసర్ అయిన రోజే మానేశాడు.

సభ మొదలైంది. సారు చేతికి మైకు చిక్కింది. ఇంకేం, పూనకమే.

“యారోబోర్ చిన్న రాజ్యంల పుట్టిండు. కానీ సేనాపతిగా సింహం! ప్రతి యుద్ధంల అందరికన్నా ముందుండి కొట్లాడిండు!”

పుస్తకంలోని రాకుమారుడు ఒక్కసారి కూడా కత్తి దూయడు. తమ్ముడు గెలిచి వస్తే ఊరేగింపులో ముందు గుర్రం ఈయన ఎక్కుతాడు. ఓడిపోయేలా ఉంటే ఈయనకు కడుపునొప్పి వస్తుంది. చివరికి కోట మెట్ల మీంచి జారిపడి చస్తాడు. మొదటి అధ్యాయం చదివినా ఆ మహానుభావుడి సంగతి తెలిసిపోయేది.

ముందు వరుసలో ఓ పెద్దాయన లేచాడు. “సార్, ఈయన గురించి ఇంతకుముందు ఎవరూ రాయలేదా?”

“ఎవరు రాస్తరండీ? గంత ఓపిక ఎవరికున్నది? ముప్పై ఏండ్ల పరిశోధన ఇది. పోలండ్ పోయిన. ఆయన సమాధి ముంగట నిలబడ్డ. కండ్లల్ల నీళ్లు ఆగలే!” అంటూ సారు కండువా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు.

హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నవత.

ఆ ఊపులో సారుకు దయ పొంగింది. “ఏదమ్మా, గా కాగితం తే. గీ పిల్ల టైపింగ్‌ల నాకు జర సాయం చేసింది. తెలివి తక్కువే గానీ కష్టజీవి,” అంటూ వేదిక మీదే, కెమెరా వైపు పళ్లికిలిస్తూ, ఏం కాగితమో చూడకుండా సంతకం గీకాడు.

నవత పరుగున మెట్లు దిగింది. అదే సారు దగ్గర నలిగిపోతున్న మరో స్కాలర్ అంజన్ కింద బండి స్టార్ట్ చేసి ఉంచాడు. ఐదుకు ఇంకా పది నిమిషాలుండగా కౌంటర్‌లో థీసిస్ ఇచ్చింది. రసీదు చేతిలో పడ్డాకే ఆమె ఊపిరి తీసుకుంది.

నాంపల్లి స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చున్నా అంజన్ కోపం చల్లారలేదు.

“సిగ్గు లేదా నీకు? నీ కష్టమంత మింగి, నిన్ను టైపిస్టును చేసిండు. నువ్వేమో చప్పట్లు కొడ్తివి! రసీదు వచ్చింది గదా, ఇంకేం ఫికర్? పుస్తకం నేనే రాసిన అని పేపరోళ్లకు చెప్పు.”

“వద్దు. దాని మీద సారు పేరొక్కటే ఉండాలె.”

“ఏంది నవతా గిట్లంటవ్? గా రాకుమారుని కోసం ఎన్ని పుస్తకాలు తిరగేసి ఉంటవ్!”

నవత తాపీగా ఓ గుక్క చాయ్ తాగింది.

“ఏ పుస్తకంల దొరుకుతడు అంజన్, అసలు గా రాకుమారుడు పుట్టింది పోలండ్‌ల కాదు, నా బుర్రల.”