పడవవాడి అడుగు

నాటకశాలల్లో మాట వినే ఇసుక పరుస్తున్న కాలం అది. గోడ కావాలంటే గోడై లేచేది, వద్దంటే నేలలో కలిసిపోయేది. రాజమండ్రి నాటకశాలలో ఆ ఇసుకకు సెట్టు నేర్పే పని వకుళది. కొత్త నాటకం మొదలైనప్పుడల్లా ఆమె ఇసుకకు ముందుగా ఒకటే చెప్పేది: "నటుడు అడుగెక్కడ వేస్తాడో చూసుకో. అందం సంగతి తర్వాత."

ఆమె అన్నయ్య చిదంబరానికి చూపు పూర్తిగా పోయింది. అయినా పడవవాడి వేషం ఇంకొక్కసారి కడతానన్నాడు.

"పడిపోతే ఎలా అన్నయ్యా?"

"నువ్వు వేసిన సెట్టు మీద నేనెందుకు పడతానే?"

అందుకని ఈసారి అతని కాళ్లకు తెలిసేలా సెట్టు వేసింది. రేవు దగ్గర నేల గరుగ్గా ఉంటుంది, పడవ వైపు కాస్త వాలుగా ఉంటుంది.

ప్రదర్శన నాడు చివరి పాటలో లీనమై చిదంబరం పడవను దాటేసి, తిన్నగా వేదిక అంచుకు నడిచాడు. వకుళ కేకేసేలోపే అతని కాలు గాల్లోకి వచ్చింది. ఆ కాలి కింద ఇసుక లేచి మెట్టయింది. తర్వాత ఇంకో మెట్టు, దాని పైన మరొకటి. అవేవీ ఆమె నేర్పినవి కావు.

అతను పాడుకుంటూ జనం తలల మీదుగా నడిచాడు. జనం మెడలెత్తి అతని అరికాళ్లను చూస్తూ ఉండిపోయారు.

పాట అయ్యాక అతను ఆగి, "వకుళా, జనం ఎటున్నారే?" అని అడిగాడు.

"నీ కిందున్నారన్నయ్యా."

చిదంబరం మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, కిందికి వంగి చేతులు జోడించాడు.