పదకొండు జాలీలు

“ఇంకో ఎలుక కనబడిందంటే రేపటి నుంచి నువ్వు పనికి రావద్దు” అని మేనేజరు సాయిప్రసాద్ తేల్చి చెప్పేశాడు.

మునీశ్వరి చీపురు గోడకు ఆనించింది. పుంగనూరు దగ్గరి ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేల కడిగేది ఆమే. కడిగిన నీళ్ళు పోయే తూములు పదకొండు. ఒక్కదానికీ మూత లేదు. బయటి మురుగు కాలవలోని ఎలుకలు పైపుల్లో దూరి, అల్లుడు అత్తారింటికి వచ్చినంత దర్జాగా గుజ్జు డబ్బాల దగ్గరికి వచ్చేవి.

“ఎలకలకు నేను దారి సూపిస్తాండానా సార్? తూములకు జాలీలు బిగించండని ఆరు నెల్లుగా మొత్తుకుంటాండాను గదా.”

ఈ రోజే బిగిస్తామనీ, పదకొండింటికి తనిఖీ ఆఫీసరు వస్తున్నాడనీ సాయిప్రసాద్ విసుక్కున్నాడు.

నిజంగానే పదింటికి గేటు దగ్గర ఏదో కారు ఆగి, ఒక గోనెసంచి దించి పోయింది. అందులో పదకొండు స్టీలు జాలీలు. కొత్తవి కొన్నామని సాయిప్రసాద్ గొప్పగా చెప్పాడు. మునీశ్వరికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కటే తూములకు బిగిస్తూ పోయింది. ఏడో జాలీ కన్నంలో ఏదో ఎర్రగా ఇరుక్కుని ఉంది. వంగి చూసింది. టమాటా తొక్క.

ఆమెకు ఒళ్ళు మండింది. మామిడికాయ తప్ప ఇంకోటి గడప తొక్కని ఫ్యాక్టరీలో, కొత్త జాలీకి టమాటా తొక్క ఎట్లా వచ్చింది? ఇదే ఓనరుకు మదనపల్లెలో సాస్ ఫ్యాక్టరీ ఉంది. అంటే ఇవి అరువు సరుకు. ఆఫీసరు పోగానే జాలీలు పోతాయి, ఎలుకలు వస్తాయి, తన ఉద్యోగం ఊడుతుంది.

ఆఫీసరు వచ్చాడు. తూము తూముకూ వంగి ఫొటోలు తీశాడు, భేష్ అన్నాడు. సాయిప్రసాద్ మామిడి రసం గ్లాసు పట్టుకుని వెనకే తిరిగాడు. అతనికి ఫోనొచ్చి పక్కకు పోగానే మునీశ్వరి ధైర్యం చేసి, ఆఫీసరును ఏడో తూము దగ్గరికి పిలిచింది.

“సార్, ఇవి మావి గావు. సూడండి, టమాటా తొక్క. మీరు పోతానే వీటిని ఎత్తుకపోతారు. మళ్ళా ఎలకలొస్తే నా పని పోతాది.”

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. పెన్ను మొనతో తొక్కను బయటికి లాగి, వెలుతురులో పెట్టి చూశాడు. మొహం ముడుచుకుంది. డైరీలో ఏదో రాసుకున్నాడు కూడా. ఇన్నాళ్ళకు తన మాట వినే మనిషి దొరికాడని మునీశ్వరికి కళ్ళు చెమర్చాయి.

“మంచి పని చేసినావమ్మా” అన్నాడాయన, జేబులోంచి కారు తాళాలు తీసి ఆమె చేతికిస్తూ. “కడిగి ఇవ్వండప్పా అని మదనపల్లెలో వాళ్ళకు నిన్న చెప్పినా వినలేదు. నువ్వన్నా శుభ్రంగా కడిగి నా డిక్కీలో పెట్టు, రెండింటికి కుప్పంలో తనిఖీ ఉండాది.”