చెరువులో తిమింగలం

"తాతా, ఆపు! తోక తొక్కినావు!"

నా మనవరాలు హేమావతి ఎద్దులకు అడ్డంగా వచ్చి నిలబడింది. విత్తనాలు వేసే గొర్రు ఆపి చూశాను. ఎండిన చెరువులో ముగ్గుపిండితో పెద్ద బొమ్మ గీసి ఉంది. దాని చుట్టూ బడి పిల్లలు నిలబడి ఉన్నారు.

"ఏమే ఇది?"

"తిమింగలం. సముద్రంలో ఉంటాది. బళ్లో చోటు చాలదని మా టీచరు ఈడ గీపించింది. నిజంది కూడా ఇంతే పొడుగంట."

"పక్కకు పోండి. రాత్రి పడిన నాలుగు చినుకులకు ఈ కాస్త పదునుండాది. ఎండెక్కితే అదీ ఆరిపోతాది. ఉలవలు పడకపోతే ఎద్దులకు ఏం పెట్టేది?"

నా వెనక కొంగు ఒడిలో విత్తనాలతో నిలబడ్డ నా భార్య తిమ్మక్క నవ్వింది. "చేప కోసరం సేద్యం నిలిపేది యాడన్నా ఉండాదా?"

"చేప కాదవ్వా. మన ఆవు మాదిరి ఈనుతాది, పిల్లకు పాలిస్తాది. నూనె కోసరం జనం చంపి చంపి, ఇప్పుడు కొన్నే మిగిలినాయంట."

"నీళ్లల్లో పాలా!" అంది తిమ్మక్క.

గడ్డి లేక మా ఈనిన ఆవును పోయిన నెలే సంతకు తోలాను.

ఎద్దులను మళ్లించి బొమ్మ అంచు వెంట గొర్రు తోలాను. పొట్ట దగ్గరకు వచ్చాక ఇంకా దూరం జరిగాను.

"ఏమయ్యా, ఆడ గీతే లేదు కదా! అంత పదును నేల ఎందుకు ఇడిసిపెడతాండావు?" అని తిమ్మక్క అరిచింది.

"దూడ యాడ పండుకోవల్ల?" అన్నాను.