పట్టుశాలువా

“పిచ్చిమొహంది! ప్లాస్టిక్ ముక్కలు మింగి కడుపు నిండిందనుకుంటోంది!” మైక్రోస్కోపులో మట్టి అమీబాను చూసి ప్రొఫెసర్ గంగాధర్ పకపకా నవ్వారు.

భుజమ్మీది ఎర్రశాలువా సర్దుకున్నారు. మొన్న ఉయ్యూరు చెరకుతోటలో ‘మట్టిమిత్ర’ బిరుదిచ్చి కప్పిన శాలువా. ఈ సాయంత్రం బెజవాడ సభలో ఆయన చూపించబోయేది ఆ తోట మట్టిలో దొరికిన ఈ అమీబానే.

“ఇక అసలు తిండి ముట్టదండీ. నిండు కడుపుతో ఆకలికి చస్తుంది,” అంది శిష్యురాలు హేమ.

“ఏది తిండో తెలియని బతుకు! అవునూ, లోపల మెరిసే ఆ ఎర్రముక్క ఏమిటమ్మా?”

హేమ నసిగింది. “మీ శాలువాదండీ. ఆరోజు ఫొటో కోసం మట్టి మీరే తవ్వారు కదా, నూగు రాలింది.”

“ఛ! ఇది పట్టు! మైకులో చెప్పి మరీ కప్పారు.”

“పాలిస్టరండీ. పరీక్ష చేశాను.”

ఆయన చెయ్యి శాలువా మీదే ఆగిపోయింది. “పట్టనే అనుకున్నానమ్మా.”

“అమీబా కూడా తిండనే అనుకుందండీ.”